లెక్కలక్క ఖాళీగా వదిలిన గడి

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు. బస్సు డ్రైవర్లూ అంతే, స్టాపుల దగ్గర పళ్ళమ్మేవాళ్ళూ అంతే. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం ఒక్కటే: స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సులోంచి ఎంతమంది దిగారో, ఎంతమంది ఎక్కారో రాసుకోవడం.

వినేవాళ్ళకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. బస్సు ఆగేది పావు నిమిషం. రెండు తలుపుల దగ్గరా తోపులాట. దిగేవాళ్ళు పూర్తిగా దిగకముందే ఎక్కేవాళ్ళు ఎగబడతారు. తలలు లెక్కపెడదామంటే ఒక తల వెనక ఇంకో తల. అందుకే లెక్కలక్క తలలు చూసేది కాదు, మెట్టు మీద పడే పాదాలు చూసేది. నిలువుగా నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి. చేయి దాని మానాన అది గీసుకుంటూ పోయేది, కళ్ళు మెట్టు మీంచి కదిలేవి కావు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా అదే అలవాటు. "ఎంతమంది వచ్చారే?" అని పక్కవాళ్ళు ఊరికే అడిగితే "ఇప్పటికి మూడొందల పన్నెండు" అని చెప్పేది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆమె భర్త అది విని తల పట్టుకునేవాడు.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. కాలేజీ రెండో ఏడు చదువుతుండగా తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంట్లో చిన్నపిల్లలు ముగ్గురు. చదువు ఆగిపోయింది. అప్పుడే ఎవరో వారం రోజుల సర్వే పని ఉందంటే వెళ్ళింది. పన్నెండుమంది అమ్మాయిలకి తలా ఒక అట్ట, ఒక షీటు ఇచ్చి స్టాపుల్లో నిలబెట్టారు. సాయంత్రం చూస్తే పదకొండుమంది లెక్కలు బస్సులో కూర్చుని లెక్కపెట్టినవాళ్ళ లెక్కతో కలవలేదు. ఈమెది ఒక్కటీ పొల్లు పోకుండా కలిసింది. వారం నెలైంది, నెల ఏడాదైంది.

షీటులో కుడివైపు చివర రిమార్కులని ఒక సన్నటి గడి ఉండేది. మిగతావాళ్ళు దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్ళు. లెక్కలక్క మాత్రం అందులో చీమల్లాంటి అక్షరాలతో రాసేది. 'వాన. జనం షాపుల చూరుకింద ఆగిపోయారు.' 'బడికి సెలవు.' 'ముందు బస్సు రాలేదు, అందుకే దీంట్లో రెట్టింపు.' రిటైరైపోయిన పాత సూపర్‌వైజరు ఆ షీట్లు చదువుతుంటే తానే వెళ్ళి స్టాపులో నిలబడ్డట్టు ఉంటుందనేవాడు. ఆ మాట ఆమె చాలాకాలం దాచుకుంది.

దాచుకున్నది ఇంకొకటి కూడా ఉంది. ఆఫీసు గోడంతా ఆక్రమించిన ఒక పటం ఉండేది. దాని మీద రంగురంగుల గీతలు, ఒక్కో గీత ఒక్కో బస్సు రూటు. తను తెచ్చిన లెక్కల వల్లే ఆ గీతలు అటూ ఇటూ జరుగుతాయని ఆమెకి తెలుసు. జరిపేవాళ్ళు మాత్రం వేరు. అందులో ఒక్క గీతైనా తను గీయాలని ఆమె కోరిక. ఒకసారి ధైర్యం చేసి డైరెక్టరుతో అంది, "సార్, ఏడో నంబరు బస్సు ఆసుపత్రి వెనక గేటు మీదుగా తిప్పితే ముసలివాళ్ళకి నడక తప్పుతుంది."

ఆయన చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అన్నాడు. "నువ్వు లెక్క చూడమ్మా. తిప్పేవాళ్ళు తిప్పుతారు."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. లెక్కలక్క కూడా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళకి ఏడో నంబరును నిజంగానే వెనక గేటు మీదుగా తిప్పారు. ఎవరో పెద్ద చదువులవాళ్ళు వచ్చి చెప్పారట.

అలాంటి పెద్ద చదువులమ్మాయే తన ఇంట్లోకి తోడికోడలుగా వచ్చింది.

మరిది బడిపంతులు. అతను ఇష్టపడి చేసుకున్న అమ్మాయి రవాణా ప్రణాళికలో పై చదువు చదివింది. కాపురానికి వచ్చిన రోజే వంటింట్లోకి వచ్చి లెక్కలక్క చేతులు పట్టుకుంది.

"అక్కా, నువ్వు సర్వే చేస్తావటగా! మా కాలేజీలో చెప్పేవాళ్ళు, నిలబడి లెక్కపెట్టే మనిషి లేకపోతే ఈ ప్లానింగంతా గాలిలో మేడే అని."

ఆ రోజంతా లెక్కలక్కకి కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇంతమంచి పిల్ల దొరికిందేమిటా అనుకుంది. నాలుగో నెలలో ఆ పిల్లే వాళ్ళ ఆఫీసులో ప్లానింగ్ అధికారిగా చేరింది. అద్దాల గది, చక్రాల కుర్చీ, గది బయట పేరు రాసిన పలక. ఇరవై రెండేళ్ళు పనిచేసిన లెక్కలక్కకి అల్మారా పక్కన స్టూలు ఉండేది. దాని మీదైనా ఆమె కూర్చునేది తక్కువే, ఎప్పుడూ రోడ్డు మీదే కదా.

మొదటిరోజు తోడికోడలు ఆమెను చూసి గబుక్కున లేచి నిలబడింది. "అక్కా, రండి, కూర్చోండి."

ఇంట్లో 'నువ్వు' అనే మనిషి ఆఫీసులో 'మీరు' అంది. నలుగురి ముందు గౌరవించాలని అలా అంది. కానీ లెక్కలక్కకి చురుక్కుమంది. ఇక్కడ పరాయిదాన్ని చేసిందనుకుంది. సాయంత్రం ఇంట్లో మళ్ళీ 'నువ్వు' అంటే అదీ గుచ్చుకుంది. ఆఫీసరమ్మ ఇంటికొచ్చి దయతలచినట్టు లేదూ?

ఇక అక్కణ్ణుంచి మొదలైంది. తోడికోడలు కుళాయి కట్టేయడం మరిచిపోతే లెక్క. కూరలో ఉప్పు ఎక్కువైతే లెక్క. ఒక్క వారంలో పదకొండు పొరపాట్లు తేలాయి. అత్తగారు చిన్న కోడల్ని మెచ్చుకోవడం కూడా లెక్కలోకి వచ్చింది. ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా పదిహేడుసార్లు. ఆ పూటంతటికీ తనను మెచ్చుకున్నది ఒక్కసారి. అదైనా "పెద్దదానికి ఓపిక ఎక్కువలే" అని, అంట్లగిన్నెలు తన ముందుకి జరుపుతూ.

భర్తతో చెప్పుకుందామంటే అతను మిషను పుల్లీలో నూనె వేస్తూ తల ఎత్తకుండా అనేవాడు, "ఆ పిల్ల నిన్నేమందే?"

నిజమే, ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. తిట్టినదాన్ని తిరిగి తిట్టొచ్చు, దెప్పినదాన్ని దెప్పొచ్చు. ఈమె నవ్వుతుంది, సాయం చేస్తుంది, టీ కలిపి తెచ్చిస్తుంది. లెక్కలక్క ఎండలో నిలబడి గీసుకొచ్చిన షీట్లని కంప్యూటర్లో ఎక్కించి, గంటలో రంగుల పటం చేసి గోడ మీద వెలిగిస్తుంది. డైరెక్టరు "అద్భుతం" అంటాడు. ఆ పటంలో ప్రతి చుక్కా తన పెన్నులోంచి దిగిందే. అయినా చప్పట్లు మాత్రం అద్దాల గదికి. అది చూసిన ప్రతిసారీ ఆమె కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టు ఉండేది.

ఆ ఏడే పెద్ద అధ్యయనం వచ్చిపడింది. చుట్టుపక్కల మూడు ఊళ్ళు పెరిగి పెరిగి పట్టణంలో కలిసిపోయాయి. రాళ్ళు కొట్టే క్వారీ ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి. వాటికవతల కొత్త ఆసుపత్రి, ఆఫీసులు. బస్సులు మాత్రం అవే. ఉన్న బస్సులనే సర్ది కొత్త రూట్లు గీసి ఇమ్మని పై నుంచి ఉత్తర్వు. గడువు నాలుగు నెలలు. ఒక్కో స్టాపులో మూడు రోజులు లెక్కపెట్టాలని నియమం ఉన్నా, గడువు తరుముకొస్తుంటే చివర మిగిలిన కొన్నింటికి ఒక్క రోజుతో సరిపెట్టారు. దారం మిల్లు గేటు అలా మిగిలిపోయినవాటిలో ఒకటి.

ఆ రోజు పొద్దున తోడికోడలు సర్వేవాళ్ళు ఎనిమిదిమందినీ పిలిచి నిలబెట్టింది.

"ఒక చిన్న మాట. రిమార్కులు కాస్త తగ్గించండి. కొత్త సాఫ్ట్‌వేర్లో ఆ గడి లేదు. కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు అవి చదువుతూ కూర్చుంటే ఆలస్యమవుతోంది. లెక్క ఉంటే చాలు."

వెనక నుంచి ఒకతను అందుకున్నాడు, "అంటే ఇక లెక్కలక్క కథలు బంద్ అన్నమాట!"

అందరూ పగలబడి నవ్వారు. తోడికోడలు కూడా నవ్వింది. ఆమె నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదు, అందరూ నవ్వుతుంటే నవ్వింది, అంతే. లెక్కలక్క అట్ట చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. మిల్లు దాకా బస్సులో కూర్చున్నంతసేపూ ఆ నవ్వే చెవుల్లో.

మిల్లు గేటు మూసి ఉంది. కాపలామనిషి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఇవాళ లేదమ్మా. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రేపు మొదలవుతుంది."

లెక్కలక్క అయినా నిలబడింది, పని పనే. పొద్దున షిఫ్టు వేళకీ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకీ బస్సులు వచ్చి ఖాళీగా నిట్టూర్చి వెళ్ళిపోయాయి. మామూలు రోజుల్లో ఈ ఒక్క గేటు దగ్గర ఆరువందలమంది ఆడవాళ్ళు ఎక్కి దిగుతారు. ఆరేళ్ళ కిందట తనే లెక్కపెట్టింది. పైగా వాళ్ళంతా నెలవారీ పాసులవాళ్ళు. కండక్టరుకి పాసు చూపించి ఎక్కేస్తారు గనుక టికెట్ మిషన్లో వాళ్ళ జాడే ఉండదు. వాళ్ళున్నారని చెప్పగలిగినది గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టే మనిషి ఒక్కతే.

సాయంత్రానికి షీటులో తేలినది నలభై ఒకటి.

రిమార్కుల గడి మీద పెన్ను పెట్టింది. 'మిల్లు మూత' అని రెండు మాటలు. అంతే రాయాల్సింది. పెన్ను అక్కడే కాసేపు ఆగింది. తర్వాత పెన్నుకి మూత పెట్టేసింది.

"లెక్క ఉంటే చాలంది కదా," అనుకుంది. "తీసుకో లెక్క."

ఆఫీసులో షీటు అందుకున్న తోడికోడలు కనుబొమలు ముడిచింది. "నలభై ఒకటేనా అక్కా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ అద్దాల గదిలో, ఆ చక్రాల కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని తనను లెక్క అడుగుతున్న ఆ మనిషిని చూశాక మాట లోపలికి పోయింది.

"లెక్క అంతే."

"సరేలెండి. మీ లెక్కకి తిరుగేముంది," అని ఆమె షీటుని పక్కనున్న దొంతర మీద పెట్టింది.

నెల తిరిగేసరికి ప్రణాళిక తయారైంది. పెద్ద హాలు, వేదిక, ముందు వరుసలో పైనుంచి వచ్చిన అధికారులు. తోడికోడలు చేతిలో చిన్న లేజర్ లైటు పట్టుకుని తెర మీద ఎర్రచుక్కతో చూపిస్తూ చెప్పింది. మిల్లు రోడ్డులో ఇరవై నిమిషాలకొకటి నడిచే బస్సుల్ని గంటన్నరకొకటి చేసి, మిగిలిన వాటిని అపార్టుమెంట్ల నుంచి ఆసుపత్రికి నేరుగా నడపాలన్నది ఆ ప్రణాళికలో ముఖ్యమైన మార్పు. ఆమె గొంతు తడబడలేదు. అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెప్పింది.

చివర్లో డైరెక్టరు లేచాడు. "మన సర్వే సిబ్బంది ఎవరైనా ఏమైనా చెప్తారా?"

లెక్కలక్క వెనక వరుసలో గోడకానుకుని నిలబడి ఉంది. ఇంత గొప్ప ప్రణాళికలో ఎక్కడ చిల్లు ఉందో ఈ హాలు మొత్తంలో తనకొక్కతికే తెలుసు. ఆ తెలియడంలో ఒక రుచి ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎరగని రుచి. ఒక్క నిమిషం దాన్ని అనుభవిద్దామనుకుంది. ఆ నిమిషంలోనే చప్పట్లు మోగిపోయాయి. అందరితోపాటు ఆమె కూడా కొట్టింది.

ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారి పొగడ్తల్ని ఆమె లెక్కపెట్టలేదు. లోపల్లోపల నవ్వుకుంటూ వడ్డించింది.

కొత్త రూట్లు మొదలైన మూడో వారంలో లెక్కలక్కని మళ్ళీ మిల్లు గేటుకే పంపారు, మార్పు తర్వాత ఎలా ఉందో చూడమని. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు వదిలారు. గేటులోంచి ఆడవాళ్ళు వరదలా వచ్చారు. తలల్లో దూదిపోగులు, చేతుల్లో టిఫిన్ క్యారేజీలు. స్టాపులో కాసేపు నిలబడ్డారు. వచ్చిన ఒక్క బస్సులో పట్టినంతమంది పట్టారు, ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్ళు వేలాడారు. మిగతావాళ్ళు మాటాపలుకూ లేకుండా రోడ్డు పట్టారు. నాలుగు కిలోమీటర్లు. పక్కనే లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

ఎప్పుడూ చేతిలో నల్లగొడుగు వదలని ఒకావిడ లెక్కలక్కకి పాత పరిచయం. ఆరేళ్ళ కిందట లెక్కపెట్టినప్పుడు మూడు రోజులూ ఎండలో తన గొడుగు ఆమె మీదా పట్టింది. ఆమె నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగింది.

"ఏం లెక్కలక్కా, బాగున్నావా?"

"బాగున్నా... నడిచే వెళ్తున్నారా రోజూ?"

"మరి ఎగిరి వెళ్తామా?" గొడుగావిడ నవ్వింది, ఆ వెంటనే నవ్వు ఆపేసింది. "జనం లేరని బస్సులు తీసేశారట. డిపోలో అడిగితే లెక్కలో లేరన్నారు. ఎవరు పెట్టారో ఆ లెక్క. నువ్వయితే మమ్మల్ని చూసి ఉండేదానివి."

గొడుగావిడ సమాధానం కోసం ఆగలేదు, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఆ రోజు లెక్కలక్క బస్సెక్కినవాళ్ళని కాదు, నడిచి వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టింది. రెండువందల ముప్ఫై ఏడు.

అది మంగళవారం. గురువారం నాడు అలా నడుస్తున్నవాళ్ళలో ఒకమ్మాయి లారీకి దారి ఇవ్వబోయి కాలవలోకి జారిపోయింది. మణికట్టు విరిగింది. శనివారం పత్రికలో ఆ అమ్మాయి కట్టుతో ఉన్న ఫొటో, పక్కనే హాలులో ఎర్రచుక్కతో చూపిస్తున్న తోడికోడలి ఫొటో. కింద రాశారు: 'చల్లటి గదిలో కూర్చుని గీసిన గీత.'

అత్తగారు పత్రిక మడిచి నేలకేసి కొట్టింది. "ఎవరికో కళ్ళు కుట్టాయి. బంగారంలాంటి పిల్ల పైకొస్తుంటే ఓర్వలేక రాయించారు. వాళ్ళ కళ్ళల్లో దుమ్ము పడ!"

అత్తగారు అన్నది ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళని. తగలాల్సినవాళ్ళకి తగిలింది.

తోడికోడలు డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. తీసిన దుప్పటినే మళ్ళీ దండెం మీద వేస్తోంది. లెక్కలక్క పైకెళ్ళేసరికి కళ్ళు తుడుచుకుని మామూలుగా ఉన్నట్టు నిలబడింది.

"డిపో మేనేజరు ముందే చెప్పాడక్కా," అంది. "మిల్లు దగ్గర జనం ఉంటారమ్మా, ఇంకోసారి చూసుకోండి అన్నాడు. నేనే వినలేదు. మా లెక్క తప్పదన్నాను."

"ఎవరి షీటని సార్ అడగలేదా?"

"అడిగారు. గుర్తులేదన్నాను."

"ఎందుకలా చెప్పావు?"

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. దానికి నీ పేరెందుకు బయటపెట్టడం?" అని దుప్పటి ఆ చివర అందించింది మడతపెట్టడానికి.

లెక్కలక్క దుప్పటి పట్టుకుంది. ఆ క్షణాన ఆమెకి కృతజ్ఞత కలిగి ఉంటే ఈ కథ సులువుగా అయిపోయేది. కలగలేదు. ఒళ్ళంతా మండింది. చదువులో మించింది, కుర్చీలో మించింది, చివరికి మంచితనంలో కూడా ఇదే మించాలా? నా పొరపాటుని కూడా ఇదే మోయాలా? అదసలు పొరపాటే కాదు, నేను ఒళ్ళు తెలిసి చేసిన పని. అదైనా నాది నాకు ఉండనివ్వదా?

సోమవారం డైరెక్టరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఆయన ముందు పత్రిక ఉంది. తోడికోడలు "సార్, లెక్కని సరిచూసుకోకపోవడం నా తప్పు..." అని మొదలుపెట్టింది.

"అది నా షీటు సార్," అంది లెక్కలక్క. "ఆ రోజు మిల్లు మూత. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని కాపలామనిషి చెప్పాడు. నాకు తెలుసు. తెలిసే రాయలేదు. ఈమె నలభై ఒకటేనా అని అడిగింది కూడా. అంతే అన్నాను."

డైరెక్టరు కళ్ళద్దాలు తీశాడు. "ఎందుకమ్మా?"

"కడుపుమంట సార్."

ఆయనకి అర్థం కాలేదు. ఆరోగ్యం బాగాలేదనుకున్నాడు పాపం. "అలాంటప్పుడు సెలవు పెట్టుకోవాలి గానీ..." అని నసిగాడు. తోడికోడలికి మాత్రం అర్థమైంది. ఆమె ముఖంలో రంగు మారడం లెక్కలక్క చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటికొచ్చారు.

సాయంత్రం బస్‌స్టాపులో తోడికోడలు అడిగింది. "నేను నీకేం చేశానక్కా?"

"ఏమీ చేయలేదు."

"మరి?"

"నీ కుర్చీ చూసి."

"ఏ కుర్చీ?"

"చక్రాల కుర్చీ."

తోడికోడలు నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. "అడిగితే నేనే ఇచ్చేసేదాన్ని కదా!"

"అడిగి తీసుకుంటే అది నీ కుర్చీయేగా," అంది లెక్కలక్క. "నేను గోడ మీద ఒక గీత గీద్దామనుకున్నాను. నువ్వు పుట్టి బడికి పోతున్న రోజుల్నుంచీ అనుకుంటున్నాను. నువ్వొచ్చి నాలుగు నెలల్లో గీశావు. నా లెక్కలతోనే గీశావు."

"అందుకని అంతమందిని నడిపించావా?"

బస్సు వచ్చింది. తోడికోడలు ముందు తలుపులోంచి ఎక్కింది, లెక్కలక్క వెనక తలుపులోంచి.

ఆ తర్వాత చాలాకాలం తోడికోడలు ఆమెను 'అక్కా' అనలేదు. ఇంట్లో "ఉప్పు ఇటివ్వండి" అనేది, మొహం చూడకుండా. ఇంటిల్లిపాదికీ ఏదో జరిగిందని తెలిసింది గానీ ఏమిటో తెలియలేదు. తోడికోడలు చెప్పలేదు. లెక్కలక్క ఒకనాడు భర్తకి అంతా చెప్పింది. అతను స్క్రూడ్రైవరు తిప్పడం ఆపి, "తప్పు చేశావే," అన్నాడు. మరి కాసేపటికి, "ఎప్పుడో ఒకసారి నాతో గట్టిగా చెప్పి ఉండాల్సింది. నేనూ వినిపించుకోలేదులే," అన్నాడు.

ఆఫీసు లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగింది. ఒక ఏడాది సీనియారిటీ పోయింది. మిల్లు రోడ్డులో మళ్ళీ లెక్కపెట్టాలన్నారు. ఈసారి వారం రోజులు, ఇద్దరు మనుషులు విడివిడిగా. రెండో మనిషిగా తోడికోడలు తనే వస్తానంది. తలకి గుడ్డ కట్టుకుని, అట్ట పట్టుకుని, స్టాపుకి అటు చివర నిలబడింది. నమ్మకం లేక వచ్చిందని లెక్కలక్కకి తెలుసు. నమ్మమని అడిగే మొహం తనకి లేదు.

మొదటిరోజు షిఫ్టు వదిలాక రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూశారు. లెక్కలక్కది మూడువందల నాలుగు. తోడికోడలిది రెండువందల అరవై.

"మీదే సరైనదని ఎలా తెలుస్తుంది?" అంది తోడికోడలు, ఎండకి ఎర్రబడ్డ మొహంతో.

మర్నాడు గేటు దగ్గర కాపలామనిషి చేత లోపలి హాజరు తెప్పించి చూశారు. లెక్కలక్క లెక్కకి ఇద్దరే తేడా, వాళ్ళిద్దరూ సైకిళ్ళ మీద వెళ్ళారట. లెక్కలక్కకి లోపల ఎంత సంతోషం పొంగిందో చెప్పలేం. సిగ్గుపడాల్సిన వేళలో ఆ సంతోషమేమిటని తనను తను తిట్టుకుంది. అయినా పొంగింది. మూడో రోజు తోడికోడలు తనంతట తనే దగ్గరికొచ్చి, "తలలు చూస్తుంటే తప్పిపోతున్నాయి," అంది.

"తలలు వద్దు. పాదాలు చూడు."

వారం ముగిసేసరికి తోడికోడలి లెక్క ఐదారు తేడాలోకి వచ్చింది. ఆరు వారాలకి మిల్లు రోడ్డులో పాత బస్సులు తిరిగొచ్చాయి. అపార్టుమెంట్ల రూటుకి వేరే చోటి నుంచి రెండు బస్సులు సర్దారు. మణికట్టు విరిగిన అమ్మాయి ఇంటికి లెక్కలక్క రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి తనెవరో చెప్పలేక తిరిగొచ్చింది. రెండోసారి చెప్పింది. ఆ అమ్మాయి తల్లి తలుపు వేసేసింది. మూడోసారి వెళ్ళే ధైర్యం ఆమెకి రాలేదు. గొడుగావిడ మాత్రం, అంతా తెలిశాక కూడా, స్టాపులో కనబడితే పలకరించేది. కాకపోతే గొడుగు తన మీదే పట్టుకునేది.

మరిదీ తోడికోడలూ ఆ ఏడు చివర్లో వేరే ఇల్లు తీసుకున్నారు, నాలుగు వీధుల అవతల. మరిది బడికి దగ్గరని చెప్పారు. అత్తగారు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ, అక్కడి వంట గురించి ఇక్కడ, ఇక్కడి వంట గురించి అక్కడ చెప్పేది. లెక్కలక్కకి అసూయ పోయిందా అంటే పోలేదు. తోడికోడలికి బహుమతి వచ్చిందని వింటే ఆ పూట అన్నం సయించేది కాదు. కానీ ఇప్పుడు అది వచ్చినప్పుడు ఆమెకి తెలిసిపోయేది, ఇదుగో వచ్చింది అని. వచ్చినప్పుడు చేతిలో పెన్ను ఉంటే పక్కన పెట్టేసి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ తీసుకునేది.

రెండేళ్ళకి నదికి అవతలి ఊళ్ళని కలుపుతూ ఇంకో అధ్యయనం వచ్చింది. ఒకరోజు సాయంత్రం తోడికోడలు ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది. చెప్పులు విప్పలేదు.

"ఈసారి సర్వే అంతా ఒకరి చేతిలో పెట్టాలనుకుంటున్నాం. ముప్ఫైమందిని చూసుకోవాలి. రూట్లు గీసేటప్పుడు కూడా ఆ మనిషి బల్ల దగ్గర ఉండాలి. మీ పేరు రాశాను."

ఇన్నేళ్ళుగా లెక్కలక్క ఎదురుచూసిన మాటే అది. బయటికి మాత్రం, "ఎందుకులే. వయసొచ్చింది. ఇంకెవర్నైనా చూసుకోండి," అంది.

తోడికోడలు వెళ్ళిపోయింది. భర్త లోపల్నుంచి వచ్చి, "పిచ్చిదానివా ఏమిటి?" అని కేకలేశాడు. తోడికోడలు మళ్ళీ వస్తుందా రాదా అని లెక్కలక్కకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆఫీసులో తోడికోడలు అల్మారా దగ్గరికి వచ్చి ఇంకోసారి అడిగింది. లెక్కలక్క మళ్ళీ కుదరదంది, ఈసారి కాస్త మెత్తగా.

మూడోరోజు తోడికోడలు దారం మిల్లు గేటు దాకా వచ్చింది. బస్సు వస్తోంది, లెక్కలక్క పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"నేను మళ్ళీ మళ్ళీ అడగాలనే కదా ఇదంతా?" అంది తోడికోడలు.

"అవును."

"ఇంకెన్నిసార్లు అడగాలి?"

"ఇది చాలు," అంది లెక్కలక్క. "ఉండు, బస్సొచ్చింది. నువ్వు ముందు తలుపు చూడు, నేను వెనకది చూస్తా."